రిజిస్టర్‌లో ఆరు వందలు, చేతికి నాలుగు వందలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ సంచికకు ఎంచుకున్న మూడు ఉత్తరాలూ దక్షిణ తెలంగాణ నుంచే వచ్చాయి. మూడూ పనికీ కూలికీ పొంతన కుదరకపోవడం గురించినవే. మొదటి ఉత్తరానికి జవాబు పొడవుగా రాయవలసి వచ్చింది. కూలి తక్కువ అందుకున్నవారి ఉత్తరాలు మాకు తరచుగా వస్తాయి. ఆ తక్కువ కూలిని తన చేత్తో పంచుతున్న మనిషి రాసిన ఉత్తరం అరుదు.

ప్రశ్న: నేను నల్గొండ జిల్లాలో ఒక జిన్నింగ్ మిల్లులో పదకొండేళ్లుగా గుమాస్తాగా పనిచేస్తున్నాను. పత్తి సీజన్‌లో మా దగ్గర ముప్పై మంది దాకా రోజుకూలికి వస్తారు. వారిలో పద్దెనిమిది మంది ఆడవాళ్లు. మిషన్లకు పత్తి అందించడం, పుచ్చుపత్తి, చెత్త ఏరడం, రాలిన దూదిని ఊడ్చి ఎత్తడం ఆడా మగా కలిసే చేస్తారు. మగవాళ్లకు రోజుకు 600, ఆడవాళ్లకు 400. ఇదివరకు రిజిస్టర్‌లో కూడా ఈ రెండు రేట్లే రాసేవాడిని. రెండేళ్ల కింద కార్మిక శాఖ వాళ్లు వచ్చి అభ్యంతరం చెప్పి వెళ్లాక, అందరికీ 600 అని రాయమని మా సేటు చెప్పారు. శనివారం చేతికి ఇచ్చేది మాత్రం పాత లెక్కే. 600 లెక్కన రాసిన గడి పక్కన వేలిముద్ర వేయించుకొని 400 లెక్కన ఇస్తున్నాను. వారిలో మా చిన్నమ్మ కూడా ఉంది. పోయిన శనివారం ఆమె వేలికంటిన సిరాను కొంగుతో తుడుచుకుంటూ, “ఏం రాసినవ్ బిడ్డా అండ్ల?” అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. నా జీతం సక్రమంగానే వస్తుంది, సేటు నన్ను ఏనాడూ ఒక మాట అనలేదు. ఇందులో తప్పు ఆయనదా, నాదా?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: ఇద్దరిదీ తప్పే, కాని ఒకే తప్పు కాదు. ఆడవాళ్లకు తక్కువ ఇవ్వాలన్న నిర్ణయం మీ సేటుది. ఆ నిర్ణయం బయటపడకుండా రెండేళ్లుగా కాపాడుతున్నది మీ చేతిరాత. తనిఖీకి ముందు మీ రిజిస్టర్‌లో ఉన్నది అన్యాయమే అయినా నిజం. ఎవరు తెరిచి చూసినా ఆడవాళ్లకు ఎంత తక్కువ ముడుతున్నదో ఆ పుస్తకమే చెప్పేది. ఇప్పుడు అదే పుస్తకం ఆ పద్దెనిమిది మందికి ఎదురుసాక్షి అయి కూర్చున్నది, అదీ వాళ్ల వేలిముద్రలతోనే.

మిమ్మల్ని నిలదీయాలని ఈ మాట రాయడం లేదు. చట్టం ఏం చెబుతున్నదో చూస్తే, ఈ వ్యవహారంలో మీరు ఎంత ముఖ్యమైన చోట నిలబడి ఉన్నారో మీకే తెలుస్తుంది. ఆడవారికీ మగవారికీ సమాన పనికి సమాన వేతనం అన్న మాట రాజ్యాంగంలోని 39వ అధికరణంలో ఆదేశిక సూత్రంగా ఉంది. 1976 నాటి సమాన వేతన చట్టం దానిని యజమాని నెరవేర్చి తీరవలసిన బాధ్యతగా మార్చింది. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ ఆ చట్టాన్నీ, కనీస వేతనాల చట్టంతో సహా మరి మూడు చట్టాలనూ తనలో కలుపుకొని 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత ఒకే తీరుగా ఉన్న పనికి, ఆడ మగ అన్న కారణంతో వేతనంలో తేడా పెట్టరాదని దాని సారాంశం. చిన్న తేడాలున్నా, అవి ఆచరణలో లెక్కకు రానివైతే వాటిని సాకుగా చూపడానికి వీల్లేదు. నూట డెబ్బై కిలోల బేళ్లను లారీకి ఎక్కించే హమాలీల పని వేరు, వారి రేటు వేరుగా ఉండవచ్చు. మీరు రాసిన పని అది కాదు. ఒకే కుప్ప దగ్గర, ఒకే దుమ్ములో, పక్కపక్కన నిలబడి చేస్తున్న పని.

రేపు మీరు ఈ మాట ఎత్తితే సేటు చెప్పబోయే సమాధానాలు నేను ఊహించగలను. ‘ఆడవాళ్ల పని వేరే పని’ అంటారు; ‘అంత ఇస్తే నాకు గిట్టదు’ అంటారు. ఈ రెండు వాదాలూ పాతవే, సుప్రీంకోర్టు దాకా వెళ్లి వీగిపోయినవే. మెకినన్ మెకంజీ కంపెనీకీ, అక్కడ స్టెనోగ్రాఫర్‌గా పనిచేసిన ఆడ్రీ డికోస్టాకూ మధ్య నడిచిన కేసులో 1987లో తీర్పు వచ్చింది. మగ స్టెనోగ్రాఫర్ల కంటే ఆడవారికి తక్కువ జీతం ఇచ్చిన ఆ కంపెనీ, పెద్ద అధికారుల దగ్గర పనిచేసే వీరిది వేరే కోవ అని చెప్పుకొచ్చింది. కొలువుకు పెట్టిన పేరు కాదు, చేసే పని ఏమిటో చూడాలని కోర్టు అన్నది. సమాన వేతనం ఇచ్చే స్తోమత లేదన్న మాటనూ ఒప్పుకోలేదు. ఈ చట్టం వర్తించడం యజమాని ఆర్థిక స్తోమత మీద ఆధారపడదని తేల్చి చెప్పింది. అలాగే, సమానం చేయాలన్న నెపంతో మగవాళ్ల కూలిని 600 నుంచి కిందికి దించడాన్ని కూడా చట్టం ఒప్పుకోదు. ఈ సంగతి మిల్లులోని మగవాళ్లకు తప్పక తెలియాలి, ఎందుకంటే ఆడవాళ్ల కూలి పెరిగితే తమ నోటి దగ్గరి కూడు పోతుందన్న భయంతోనే చాలాచోట్ల వారు నోరు విప్పరు.

‘తాతల నాటి నుంచి ఇక్కడ ఇదే ఆనవాయితీ’ అన్న మాట కూడా వినవస్తుంది. 2006లో ఉపాధి హామీ పనులు మొదటి విడతలోనే మొదలైన జిల్లాల్లో నల్గొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. చెరువు పూడిక తీసినా, కందకం తవ్వినా ఆ పనిలో ఆడవారికి ఒక రేటు, మగవారికి ఒక రేటు లేదు. మీ చిన్నమ్మ గారు ఎప్పుడైనా ఆ పనికి పోయి ఉంటే, సమాన కూలి ఎట్లా ఉంటుందో ఆమెకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇక మీ సంగతి. వేతనం తక్కువ ముట్టిందన్న ఫిర్యాదు వస్తే, పూర్తిగా ఇచ్చానని రుజువు చేసుకోవలసిన భారం కొత్త కోడ్ ప్రకారం యజమాని మీద ఉంటుంది. ఫిర్యాదుకు మూడేళ్ల గడువు ఉంది. తేలిన బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం కూడా ఫిర్యాదు వినే అధికారికి ఉంది. వినడానికి ఇది ఆడవాళ్ల వైపే ఉన్నట్టుంది. కాని ఆ రోజు మీ సేటు చేసే పని ఒక్కటే: మీరు రాసిన రిజిస్టర్‌ను బల్ల మీద పెట్టడం. 600 లెక్కన ముట్టినట్టు అందులో వేలిముద్ర ఉంది. చదువు రాని పద్దెనిమిది మంది నోటిమాట ఒకవైపు, రెండేళ్ల రాతకోతలు ఒకవైపు. ముట్టింది 400 అని తెలిసి, దానిని చెప్పగల మూడో మనిషి మీరొక్కరే. చెప్పిందే రాశానని మీరు నిజాయితీగానే అనుకుంటూ ఉండవచ్చు, అయితే లెక్కల తారుమారును నేరంగా చెప్పే భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ గుమాస్తాను పేరుపెట్టి మరీ ప్రస్తావిస్తుంది. మోసం చేసే ఉద్దేశం రుజువైతే ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. మన ప్రాంతంలో ఈ మాటకు మరీ ఎక్కువ బరువుంది. దొరల కొరడా ఎంత పని చేసిందో పట్వారీ కలం కూడా అంత పని చేసింది. సాయుధ పోరాట కాలంలో ఊళ్లవాళ్లు అప్పుపత్రాలనూ లెక్కల పుస్తకాలనూ వెతికి మరీ తగలబెట్టారంటే, ఆ రాత తమ బతుకులను ఏం చేసిందో వారికి తెలుసు కనుకనే.

మీరు రేపే కొలువు వదిలి కార్మిక శాఖ మెట్లు ఎక్కాలని నేను చెప్పను. ఇల్లు గడవవలసిన మనిషికి దూరాన కూర్చుని ధైర్యం నూరిపోయడం నాకు చేతకాదు. కాని ఒక పని వాయిదా వేయడానికి వీల్లేనిది: వచ్చే శనివారం నుంచి, చేతికి ఎంత ఇస్తే అంతే రాయండి. 400 ఇస్తే 400. సేటుతో ఒంటరిగా, మర్యాదగా, ఒక కాగితం చేత పట్టుకొని మాట్లాడండి. పద్దెనిమిది మందికి రోజుకు 200 చొప్పున, నెలకు 26 పనిదినాలు లెక్క వేస్తే 93,600 రూపాయలు అవుతుంది. ఆయన నెలనెలా మిగుల్చుకుంటున్నది ఇది. ఫిర్యాదు అంటూ వస్తే పోగొట్టుకోబోయేది దీనికి ఎన్నో రెట్లు. పదకొండేళ్లు నమ్మకంగా చేసిన మనిషి ఈ లెక్క చెబితే వినే యజమానులు ఉన్నారు. వినకపోతే, అబద్ధపు అంకె మాత్రం నా చేత్తో వేయలేనని చెప్పండి. ఆయన మీ చేతిలోంచి పుస్తకం తీసుకొని ఇంకొకరికి ఇవ్వవచ్చు. అది మీకు కష్టమే, నష్టమే. రిజిస్టర్‌ను దొంగచాటుగా బయటికి తేవద్దు, చించవద్దు, దిద్దవద్దు. అధికారి అడిగిన నాడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఆడవాళ్ల తరఫున మీరే నిర్ణయం తీసుకోకండి. ఫిర్యాదు చేస్తే తమను మాన్పించి వేరే రాష్ట్రాల నుంచి మగకూలీలను తెచ్చుకుంటారన్న భయం వారికి ఉంటుంది, అది ఊరికే పుట్టిన భయం కాదు. ఆడవారన్న కారణంతో పనిలోకి తీసుకోకపోవడాన్ని కూడా కోడ్ నిషేధించింది, కాని పని పోయిన మరునాడు పొయ్యి మీద కుండకు ఆ నిషేధం సరిపోదు. కనుక తెగించాలా ఆగాలా అన్నది వారు కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. మీరు చేయవలసింది, వారి పేరు పక్కన ఏం రాసి ఉందో వారికి చదివి వినిపించడం. ప్రతి కూలీకి వేతన చీటీ ఇవ్వవలసిన బాధ్యత యజమానికి ఉందని కూడా చెప్పండి. నల్గొండలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపుతారు. మొదట మీ చిన్నమ్మ గారి ఇంటికి వెళ్లండి. ఆమె అడిగి వారం దాటింది.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ విభాగంలో ఆరేళ్లుగా ఆపరేటర్‌ను. నాకు 19,000 వస్తుంది. నేను పని నేర్పిన కుర్రాడికి చేరిన రోజు నుంచే 23,000 ఇస్తున్నారని ఈ మధ్య తెలిసింది. అప్పటి నుంచి జీతానికి తగ్గ పనే చేస్తున్నాను. కొత్త బ్యాచ్‌కు ముందు లైన్ క్లియరెన్స్, అంటే పాత బ్యాచ్ సరుకేదీ లైన్ మీద మిగల్లేదన్న తనిఖీ, చూడకుండానే సంతకం పెడుతున్నాను. ఇందులో నా తప్పేమిటి?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: మీ మనసు నొచ్చుకోవడం న్యాయం. పని నేర్పిన చేతికి తక్కువ, నేర్చుకున్న చేతికి ఎక్కువ అంటే ఎవరికైనా మండుతుంది. చట్టం విషయంలో మాత్రం మీకు తప్పుడు ఆశ పెట్టను: పైన చెప్పిన సమాన వేతన నియమం ఆడ మగ తేడాకు సంబంధించినది. ప్రైవేటు కంపెనీలో పాతవారికీ కొత్తవారికీ మధ్య తేడాకు, కనీస వేతనానికి తగ్గనంత వరకు, అది నేరుగా అక్కరకు రాదు. కనుక మీ ఆయుధం అడగడమే. ఎవరి జీతం ఎంతో మీకు చెప్పినవారి పేరు ఎత్తకుండా, ఆరేళ్లలో ఎంతమందికి పని నేర్పారో, ఏ ఏ యంత్రాలు నడపగలరో రాసి, జీతం సవరించమని లిఖితపూర్వకంగా అడగండి. ఎంత కాలంలో సమాధానం చెబుతారో కూడా అడగండి. ఈలోగా బయట మీ పనికి ఏ జీతం పలుకుతున్నదో వాకబు చేయండి.

ఓవర్‌టైమ్ చేయనంటే అది మీ ఇష్టం. కొత్తవారికి నేర్పనంటే దానినీ నేను అర్థం చేసుకోగలను. కాని లైన్ క్లియరెన్స్ అలాంటిది కాదు. అంతకుముందు బ్యాచ్ లేబులో, మాత్రల పట్టీయో బెల్టు కింద ఒక్కటి మిగిలిపోతే, అది ఇంకో మందు డబ్బాలోకి పోతుంది. బీపీ మాత్ర అనుకొని ఇంకేదో మింగే ముసలాయనకు మీ జీతంతో ఏ సంబంధమూ లేదు. పైగా ఆ కాగితం మీద ఉండేది మేనేజర్ పేరు కాదు, మీ సంతకం. చూడకుండా సంతకం పెట్టిన బ్యాచ్‌లు ఇంకా కంపెనీ గోదాములోనే ఉంటే, మీ సూపర్‌వైజర్‌కో క్వాలిటీ విభాగానికో ఈ రోజే చెప్పండి. చెబితే మీకు చీవాట్లు, బహుశా అంతకంటే పెద్ద చర్యే తప్పకపోవచ్చు. అయినా చెప్పండి. జీతం గురించి మీరు రాయబోయే ఉత్తరాన్ని ఆ తరువాతే ఇవ్వండి.

ప్రశ్న: మా అమ్మానాన్నలు ప్రతి ఏడూ మేస్త్రీ వెంట వలస పోయి కట్టడం పనులు చేస్తారు. అడ్వాన్స్ నాన్న పేరునే ఇస్తారు, కూలి ‘జోడికి ఇంత’ అని నాన్న చేతికే ఇస్తారు. అమ్మ కూలి ఎంత అని అడిగితే మేస్త్రీ నవ్వుతాడు. నేను డిగ్రీ చదువుతున్నాను. నేనేం చేయగలను?
– ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: అమ్మా, ‘జోడి’ అన్న కూలీ ఏ చట్టంలోనూ లేదు. పనిచేసిన ప్రతి మనిషీ విడిగా ఒక కార్మికుడే, ఒక కార్మికురాలే. ఆమె వేతనం ఆమె చేతికి గాని, ఆమె బ్యాంకు ఖాతాకు గాని చేరాలి. అడ్వాన్స్ తీరేదాకా పని వదిలి పోనివ్వబోమని ఎవరైనా బెదిరిస్తే, అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. ఆ అప్పు తీర్చవలసిన బాధ్యతే ఉండదు, కలెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు.

అంతకుముందు ఇంట్లో చేయవలసిన పని ఒకటి ఉంది. మీ నాన్న గారు చెడ్డవారని నేను అనుకోను, ఇద్దరి కష్టాన్నీ ఒక ఇంటి కష్టంగా చూసి ఉంటారు. అయినా ఆయన మౌనంగా తీసుకున్నంత కాలం మేస్త్రీ నవ్వుతూనే ఉంటాడు. ఈసారి అడ్వాన్స్ తీసుకునే రోజు మీరు ఊళ్లో ఉండండి. మీ అమ్మ గారి పేరు మీద బ్యాంకు ఖాతా, దాని పాస్‌బుక్ సిద్ధంగా ఉంచండి. మేస్త్రీ తన బుక్కు తెరిచి మీ నాన్న గారి పేరు రాసినప్పుడు, దాని కింద ఇంకో వరుసలో మీ అమ్మ గారి పేరు, రోజుకు ఆమె కూలి ఎంతో, ఆమె వాటా అడ్వాన్స్ ఎంతో విడిగా రాయమని మీ నాన్న గారి చేతనే అడిగించండి. రాసిన పేజీని అక్కడే ఫోన్‌లో ఫోటో తీసుకొని, అమ్మ గారికి చదివి వినిపించండి.