పటం గీస్తానంటే పస్తులేనా?

ప్రశ్న: మాది ఖరగ్‌పూర్, రైల్వే ఉద్యోగం. అమ్మాయి పన్నెండో తరగతి పాసైంది. పింగ్లా దగ్గర నయా గ్రామంలో, పటాలు గీసి వాటి కథ పాడే పటువాల దగ్గర పటచిత్రం నేర్చుకుంటానంటోంది. బంధువులు నవ్వుతున్నారు. నేను యానిమేషన్‌లో చేర్పిద్దామనుకుంటున్నా. ఏది మేలు?

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో 'బంధువులు నవ్వుతున్నారు' అని మూడుసార్లు రాశారు. అమ్మాయి ఎలా గీస్తుందో ఒక్కసారైనా రాయలేదు. మీ టెన్షన్ డబ్బు గురించా, బంధువుల గురించా?

యానిమేషన్ సంగతి చూద్దాం. ఈ మధ్య ప్రతి తండ్రి నోటా ఇదే మాట. 'నూరు శాతం ప్లేస్‌మెంట్' అన్న బోర్డు చూసి లక్షలు కట్టేస్తున్నారు. కొన్నేళ్ల కిందట నేనే ఒక కుర్రాణ్ణి అలాంటి చోటికి పంపాను. సినిమా ఫ్రేముల్లో మనుషుల అంచులు కత్తిరించే రోటో పని దొరికింది. కాంట్రాక్టు అయిపోయింది, ఇప్పుడు బ్యాంకు పరీక్షలు రాస్తున్నాడు. ఆ పని ఇప్పుడు ఏఐ కూడా చేస్తోంది. గీత రాని పిల్లలకు సాఫ్ట్‌వేర్ ఒక్కటే నేర్పితే ఎన్నాళ్లు నిలుస్తారో నాకైతే అనుమానమే.

అలాగని పటచిత్రంలో నెల జీతం ఉంటుందని చెప్పను. 2018లో జీఐ (ఫలానా ప్రాంతపు ప్రత్యేక కళ అన్న) గుర్తింపు వచ్చినా, రాబడి మేళాల మీదే ఎక్కువ ఆధారం. పైగా అది ఇంటి విద్య. నయాలో పటువాలందరి ఇంటిపేరూ దాదాపు చిత్రకరే. చాలామంది ముస్లింలు, గీసేదీ పాడేదీ పాముల దేవత మనసాదేవి కథ! పసుపు, శంఖుపూలు, దీపపు మసి మారేడు జిగురులో కలిపి రంగులు చేస్తారు. సునామీ వస్తే దాన్నీ పటంలోకి ఎక్కించారు. మన చేర్యాలలో బొమ్మ గీసేది నకాశీలు, కథ చెప్పేది వేరేవాళ్లు. ఇక్కడ గీసినవాళ్లే పటం విప్పుతూ, వేలితో చూపిస్తూ పొటేర్ గాన్, అంటే పటం పాట, పాడాలి. మీ అమ్మాయికి బెంగాలీ ఎలాగూ వచ్చు కదా, సగం భయం తీరినట్టే.

చదువు మానక్కర్లేదు. శాంతినికేతన్ కళాభవన్‌లో బీఎఫ్‌ఏకి దరఖాస్తు పెట్టించండి. డిగ్రీ ఉంటే డ్రాయింగ్ టీచరు, మ్యూజియం, డిజైన్, ఏదో ఒక దారి దొరుకుతుంది. యానిమేషన్‌కి కూడా అప్పుడు వెళ్లొచ్చు, ఏమీ మించిపోదు. ఈలోగా ఆదివారాలు నయా పంపండి. బాలిచక్‌లో దిగి వెళ్లాలని రైల్వే ఆయనకు నేను చెప్పాలా! సాధారణంగా నవంబరులో అక్కడ పటచిత్రాల పండుగ పొట్ మాయా మేళా జరుగుతుంది. ఈసారి మీరూ వెళ్లి, ఒక పాట పూర్తయ్యేదాకా కూర్చోండి. బంధువుల ఫోన్లు తర్వాత ఎత్తొచ్చు.