రాత్రి చెమటలు పడుతున్నాయన్న మా చిన్నోడికి

చిన్నోడా, నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఫ్యాన్ ఫుల్లుగా తిరుగుతున్నా బనియను పిండితే నీళ్ళొచ్చేంత తడిసిపోతోందనీ, తెల్లారేసరికి దిండు గలీబు కూడా చెమ్మగా ఉంటోందనీ చెప్పావు. మీ ఆవిడ డాక్టర్ దగ్గరికి పదమంటోంది, నువ్వేమో వేడి చేసిందిలే అని సబ్జా నీళ్ళు తాగి ఊరుకుంటున్నావు. సబ్జా నీళ్ళు తాగు, నష్టం లేదు, కానీ వేడి అనుకుని కూర్చోకు నాన్నా. ఇన్నేళ్ళు ఆస్పత్రి వార్డులో పనిచేసినదాన్ని కాబట్టి చెప్తున్నాను, చెమటకి మందు వెతక్కు, ఆ చెమట దేనివల్ల పడుతోందో వెతుకు, దాంతోపాటు ఇంకేం ఉందో చూస్తేనే అది తెలుస్తుంది.

ముందు గది సంగతి తేల్చుకో. వేసంకాలం పర్లాకిమిడిలో కరెంటు పోయిన రాత్రి ఎవడికైనా చెమట పడుతుంది, స్పాంజి పరుపు మీద దోమతెర కట్టుకుని మందం దుప్పటి కప్పుకుంటే పడుతుంది, అది లెక్కలోకి రాదు. గది చల్లగా ఉన్నా బట్టలు మార్చుకోవాల్సినంత తడిసి, అలా మళ్ళీ మళ్ళీ అవుతుంటేనే పట్టించుకోవాలి. నువ్వు చెప్పినదాన్ని బట్టి నీది ఆ రెండోదే.

నీ ఒంటి సంగతి, నువ్వు తిరిగే ఊళ్ళు చూస్తే నాకు మూడు అనుమానాలు వస్తున్నాయి. మొదటిది రాత్రి సుగర్ పడిపోవడం. నీ సుగర్ కి నువ్వు వేసుకునేది ఉత్త మెట్‌ఫార్మిన్ మాత్ర అయితే ఈ భయం తక్కువ, కానీ దాంట్లో గ్లిమిపిరైడ్ కలిసి ఉందేమో స్ట్రిప్ వెనక చూడు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్, ఇన్సులిన్, ఇవి వాడేవాళ్ళు మాత్ర వేసుకుని అన్నం తినకుండానో, తక్కువ తినో పడుకుంటే నడిరేయి సుగర్ పడిపోతుంది. అప్పుడు చెమటలు కారిపోతాయి, గుండె దడదడ, పిచ్చి కలలు, తెల్లారి లేస్తే తలనొప్పి, ఒక్కోసారి లేపితే అయోమయంగా మాట్లాడతారు. నువ్వు జీడిపిక్కల బేరానికి గుమ్మా వైపు కొండ మీదకి వెళ్ళినప్పుడు రాత్రి తిండి ఎప్పుడు తింటావో నీకే తెలీదు కదా, మాత్ర మాత్రం టైముకి వేసేస్తావు, నాకు భయం అక్కడే. చెమట పట్టి మెలకువ వచ్చిన ఆ నిమిషంలోనే వేలు గుచ్చి గ్లూకోమీటర్ లో చూడు, తెల్లారాక చూస్తే ఉపయోగం లేదు. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగేసి, 15 నిమిషాలాగి మళ్ళీ చూసుకో, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ తాగు, తర్వాత రెండు బిస్కెట్లో కాస్త అన్నమో తిను. మీ ఆవిడకి కూడా ఇది నేర్పు, ఒకవేళ నువ్వు లేపినా లేవకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదని, పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని, వెంటనే 108 కి కొట్టమని గట్టిగా చెప్పు. ఇంకోమాట, బీపీకి నీకు మెటోప్రొలాల్ లాంటిది ఏదైనా రాశారా? అవి వేసుకుంటే సుగర్ పడినప్పుడు దడ, వణుకు పెద్దగా తెలియవు, చెమట ఒక్కటే తెలుస్తుంది, కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోకు.

రెండోది మలేరియా. మన గజపతి, రాయగడ, కోరాపుట్ కొండల్లో ఉన్నవాళ్ళకి దీని గురించి చెప్పనక్కర్లేదు, ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి దమన్ పేరుతో ఊరూరా క్యాంపులు పెట్టి రక్తం చూస్తోందంటే ఊరికే కాదు. చలి, వణుకు, తర్వాత కాలిపోయే జ్వరం, ఆఖర్న చెమటలు పట్టి జ్వరం దిగిపోవడం, తెల్లారేసరికి మామూలుగా అయిపోయాం అనిపించడం, మన జనం మోసపోయేది సరిగ్గా ఇక్కడే, చెమట పట్టింది కదా జ్వరం వదిలేసింది అనుకుంటారు. రోజు మార్చి రోజు ఇలా వస్తే వైవాక్స్ రకం మలేరియా అనుకోవచ్చు, కానీ ఫాల్సిపారం రకం ఏ లెక్కకీ లొంగదు, అది మెదడుకి ఎక్కితే ప్రాణాల మీదకొస్తుంది. కొండ మీద పడుకుని వచ్చిన నెల లోపల ఏ జ్వరం వచ్చినా అదే రోజు ఆశా కార్యకర్త దగ్గర వేలు గుచ్చించుకో, కిట్టు మీద పావుగంటలో తెలిసిపోతుంది, డబ్బులు అక్కర్లేదు. వైవాక్స్ అని తేలి ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు ఇస్తే 14 రోజులూ మింగాలి, నాలుగు రోజులకి బాగుందని మానేస్తే లివర్ లో దాక్కున్నది కొన్ని నెలలకి మళ్ళీ లేస్తుంది. సొంతంగా మెడికల్ షాపులో కొనుక్కుని మాత్రం మింగకు, అది కొంతమంది రక్తానికి పడదు.

మూడోది టీబీ, ఈ మాట వినగానే నీకు కోపం వస్తుందని తెలుసు. కానీ ప్యాంటు వదులైందని నువ్వే నవ్వుతూ చెప్పావు, సుగర్ ఉన్నవాళ్ళకి టీబీ వచ్చే అవకాశం లేనివాళ్ళ కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, వీటిలో ఏదున్నా కఫం పరీక్ష చేయించుకోవాలి. దగ్గు లేకపోయినా మెడ గడ్డల్లోనో, వెన్నులోనో, పొట్టలోనో టీబీ ఉండొచ్చు, మాకు వార్డులో అలాంటివాళ్ళు చాలామంది వచ్చేవారు, ఏడాదిగా వేడి వేడి అని తిరిగి ఎముకల గూడులా అయిపోయాక వచ్చేవారు, నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది తల్చుకుంటే. సర్కారు ఆస్పత్రిలో ట్రూనాట్ మెషిన్ మీద కఫం చూస్తారు, మందులు ఉచితం, మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు, తిండికని నిక్షయ్ పోషణ్ కింద నెలకి ఇచ్చే డబ్బు కూడా 2024 నవంబరు నుంచి 500 కాస్తా 1000 అయ్యింది. సిగ్గుపడాల్సింది ఏం ఉంది ఇందులో, వచ్చేది గాలి ద్వారా.

ఈ మూడూ కాకపోతే ఇంకా ఉన్నాయి, అవి డాక్టర్ చూసుకుంటాడు గానీ నీ చెవినెయ్యాలి. థైరాయిడ్ ఎక్కువైతే బాగా తింటున్నా చిక్కిపోతారు, చేతులు వణుకుతాయి, చెమట ఆగదు. మనసు బాగోలేక వాడే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మాత్రలకీ చెమట పడుతుంది, అలాగని టక్కున మానెయ్యకూడదు, రాసినవాళ్ళతో మాట్లాడాలి. గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్ళకి, ఛాతీలో మంట పైకి తన్నేవాళ్ళకి కూడా రాత్రిళ్ళు పట్టొచ్చు. ఇంట్లో మేకలు ఈనినప్పుడు ఉత్త చేతులతో పిల్లని లాగేవాళ్ళు, కాచని పాలు తాగేవాళ్ళు ఆ సంగతి కూడా డాక్టర్ కి చెప్పాలి, బ్రూసెల్లా అని ఒకటుంది, జ్వరం వచ్చిపోతూ కీళ్ళు పీకుతాయి. మెడలో, చంకలో, గజ్జల్లో నొప్పి లేని గడ్డ తగిలి పెరుగుతుంటే మాత్రం అస్సలు ఆలస్యం చెయ్యకు, కొన్ని రక్తపు క్యాన్సర్లు అలాగే మొదలవుతాయి. హెచ్‌ఐవీ పరీక్ష కూడా రాయొచ్చు, రాస్తే చేయించుకో, నిన్నేదో అనుమానించారని కాదు.

తాగుడు సంగతి కూడా అడుగుతాను, పెద్దమ్మని కాబట్టి అడగొచ్చు. కొండ మీద ఇప్పసారా గానీ, సలపకల్లు గానీ, ఇంట్లో బాటిల్ గానీ తాగిన రాత్రి చెమట పట్టడం మామూలే. కానీ రోజూ గట్టిగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే మర్నాటికే చెమటలు, చేతుల వణుకు మొదలై, రెండు మూడు రోజుల్లో లేనివి కనిపించడం, ఫిట్స్ దాకా పోతుంది, అలాంటివాడు ఆస్పత్రిలో ఉండి మానాలి. మీ బావకి ఈ మాట చెప్పు, నేను చెప్తే వినడు.

మీ అక్క కూడా రాత్రిళ్ళు ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలు అంటోందట, దాని వయసుకి నెలసరి ఆగే ముందు అవి వస్తాయి, ఛాతీ నుంచి మొహం దాకా వేడి ఎక్కి రెండు మూడు నిమిషాల్లో తగ్గుతుంది. కాటన్ బట్టలు, పడుకునే ముందు కాఫీ మానడం కొంత పనిచేస్తాయి, బాగా ఇబ్బందైతే మందులున్నాయి. కానీ 48 ఏళ్ళ ఆడది చెమట అనగానే ఆ వయసుదే అని కొట్టిపారేస్తారు చూడు, అది నాకు ఒళ్ళు మండుతుంది, దగ్గుందా బరువు తగ్గిందా అని అడిగేవాడే ఉండడు, దాన్ని కూడా నీతో తీసుకెళ్ళు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. జ్వరం ఉంటే ఈ రోజే రక్తం చూపించుకో. జ్వరం లేకపోతే ఒక వారం పాటు పిల్లల పాత నోట్‌బుక్ లో రాయి, చెమట ఎన్నింటికి పట్టింది, బట్టలు మార్చావా, అప్పుడు సుగర్ ఎంత, సాయంత్రం ఆరింటికీ రాత్రికీ థర్మామీటర్ లో ఎంత, రాత్రి ఏం తిన్నావు, ఏ మాత్ర వేశావు, తాగావా. బరువు ఒకే మిషన్ మీద చూసుకో. జ్వరానికి పారాసిటమాల్ వేసుకుంటే అదీ రాయి, ఎందుకంటే అది జ్వరం దించేటప్పుడు చెమట పట్టిస్తుంది. నాటు పొడులు వాడుతుంటే ఆ పొట్లం కూడా పట్టుకెళ్ళు. డాక్టర్ బాబు ఒడియాలో గబగబా అడిగితే నువ్వు తడబడతావు, నోట్‌బుక్ లో అంకెలు చూపిస్తే చాలు. ఫుల్ బాడీ ప్యాకేజీ అని ల్యాబు వాళ్ళు అమ్మేది కొనకు, ముందు డాక్టర్ చూడాలి, ఆ తర్వాతే రక్తం, ఈఎస్‌ఆర్, థైరాయిడ్, ఛాతీ ఎక్స్‌రే, ఏది అవసరమైతే అది. ముందు మన జిల్లా ఆస్పత్రికే వెళ్ళు, వాళ్ళు పంపితే బరంపురం ఎంకేసీజీకో, నీకు దగ్గరనిపిస్తే శ్రీకాకుళం రిమ్స్ కో వెళ్దాం, నేనూ వస్తాను.

వారం ఆగమన్నాను కదా అని దేనికైనా ఆగకు. చల్లటి చెమటలు పట్టి గుండె మీద బరువు పెట్టినట్టున్నా, దవడకో ఎడమ చేతికో లాగినా, ఆయాసం వచ్చినా అప్పటికప్పుడు 108 కి కొట్టు. సుగర్ ఉన్నవాళ్ళకి గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండా ఉత్త చెమట, ఆయాసంతోనే వస్తుంది, గ్యాసు అనుకుని ఈనో తాగి పడుకోకు.

ఆదివారం నోట్‌బుక్ పేజీలు ఫోటో తీసి పంపు, మాత్రల స్ట్రిప్ రెండు వైపులా కూడా. కొండ మీదకి వెళ్తే గ్లూకోమీటర్, దోమతెర రెండూ సంచిలో పెట్టుకునే వెళ్ళు.

మీ పెద్దమ్మ