డాక్టర్ సలహా: పుల్ల బీరులో పొగ వాసన... క్యాన్సర్ వస్తుందా?

ప్రశ్న: నా వయసు 41. ఉద్యోగరీత్యా రెండేళ్లుగా బ్రస్సెల్స్‌లో ఉంటున్నాను. శని, ఆదివారాల్లో ఇక్కడి ‘గూజ్’ అనే పుల్ల బీరు తాగుతున్నాను. సగం సీసాకే ముక్కు దిబ్బడ, తలనొప్పి. రాత్రి గుండెల్లో మంట. మామూలు బీరుతో ఇలా ఉండదు. పెరుగులా ఇదీ పొట్టకు మంచిదే అంటారు తోటి ఉద్యోగులు. దాని పొగ వాసన వల్ల క్యాన్సర్ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంటి నుంచి తెచ్చుకున్న పాంటొప్రజోల్ అనే ఎసిడిటీ మాత్ర రోజూ వేసుకుంటున్నాను.

జవాబు: ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దాం. జర్మనీలోని బాంబెర్గ్‌లో మాల్ట్‌ను, అంటే మొలకెత్తించిన ధాన్యాన్ని, కట్టెల పొగ మీద ఆరబెట్టి చేసే బీరు ఉంది. మీరు తాగేది అది కాదు. గూజ్ తయారీలో పులియబెట్టే ఈస్ట్ కూడా విడిగా వేయరు. కాచిన ధాన్యపు రసాన్ని వెడల్పాటి తొట్టిలో రాత్రంతా చల్లారనిస్తే గాలిలోని సూక్ష్మజీవులు వచ్చి చేరతాయి. తర్వాత ఓక్ పీపాలకెత్తుతారు. అక్కడ బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్ బార్లీ, గోధుమల్లో ఉండే ఫెరులిక్ యాసిడ్‌ను మార్చి లవంగం, కట్టెపొగ కలిసినట్టుండే వాసన పుట్టిస్తుంది. పొయ్యిలో పచ్చి కట్టె పెట్టినట్టు గుప్పుమన్నా, అందులో పొగా లేదు, మసీ లేదు.

భయపడాల్సింది ఆల్కహాల్‌ గురించే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మద్యాన్ని 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలో, చేర్చింది. 6 శాతం ఆల్కహాల్ ఉన్న 750 మి.లీ. సీసా మొత్తం తాగితే ఒంట్లోకి 35 గ్రాములకు పైగా ఆల్కహాల్ చేరుతుంది. అది పీపాలో ఎన్నేళ్లు ఊరినా తేడా ఏమీ లేదు.

ఇక తలనొప్పి. ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు ఊరిన బీర్లను కలిపి గూజ్ చేస్తారు. అన్నాళ్లు బ్యాక్టీరియా పనిచేస్తుంటే హిస్టమిన్ అనే, అలర్జీ లాంటి లక్షణాలు తెచ్చే రసాయనం తయారవుతుంది. దాన్ని పేగుల్లో విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఆల్కహాల్ అడ్డుకుంటుంది. అందుకే కొందరికి ముఖం ఎర్రబడుతుంది, ముక్కు బిగుసుకుంటుంది, తల పగిలిపోతుంది. మీకూ అదే అనుకుంటున్నాను. బాగా మగ్గిన చీజ్ తిన్నా, రెడ్ వైన్ తాగినా ఇలాగే ఉంటుందా? గమనించి రాసిపెట్టుకోండి, మీ డాక్టరుకు చాలా పనికొస్తుంది. ఆ తలనొప్పికి ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్ర మాత్రం వేసుకోకండి. మద్యం మీద అది పడితే కడుపులో పుండ్లు పడొచ్చు, రక్తస్రావమూ కావచ్చు.

పెరుగుతో పోలిక ఒప్పుకోను. పులిపించే బ్యాక్టీరియా రెండింట్లోనూ ఉన్న మాట నిజమే. కానీ పెరుగన్నం తింటే మద్యం రాదు కదా! పైగా గూజ్ పెరుగు కంటే ఎంతో పులుపు. ఆల్కహాల్ అన్నవాహిక కింది కవాటాన్ని వదులు చేస్తుంది, దాంతో కడుపులోని ఆమ్లం పైకి తంతుంది. పళ్ల ఎనామిల్ కూడా ఆ పులుపుకు మెత్తబడుతుంది కాబట్టి తాగిన వెంటనే బ్రష్ చేయకండి.

నెల రోజులు ఈ బీరు పూర్తిగా మానేసి చూడండి. రాత్రి తిన్నాక మూడు గంటల పాటు పడుకోకండి. పాంటొప్రజోల్‌ను సొంతంగా నెలల తరబడి వాడటం మంచిది కాదు, అక్కడి డాక్టరును కలవండి. మింగడం కష్టమైనా, మలం నల్లగా వచ్చినా, బరువు తగ్గుతున్నా ఎండోస్కోపీకి ఆలస్యం చేయొద్దు. తాగినప్పుడు పెదాలు వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే అక్కడి అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి.