బొమ్మ రుజువవుతుందా?

సందేహం: మాది చీమకుర్తి. హైస్కూలులో లెక్కలు చెబుతాను. పది సెంటీమీటర్ల చదరపు గ్రానైటు బిళ్లలు ఐదు పట్టే అతి చిన్న చదరపు చట్రం ఏదని అడిగాను. ఒక విద్యార్థి నాలుగు మూలలా నాలుగు బిళ్లలు, నడుమ ఒకటి ఏటవాలుగా గీసి, కింద 'ఇదే ఋజువు' అని రాశాడు. ఋజువా, రుజువా? నిరూపణలో 'రూపం' ఉంది కదా, బొమ్మను నిరూపణ అనవచ్చునా?
- ఒక ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

సమాధానం: అమ్మా, రుజువు అనే రాయించండి. ఋజువు సంస్కృతం, వంకర లేనిదని అర్థం. ఋజురేఖ, ఋజువర్తన అందులోంచి వచ్చినవే. సాక్ష్యమనే అర్థంలో వాడే రుజువు ఉర్దూ మీదుగా కచేరీల, అంటే సర్కారు కార్యాలయాల, భాషలోకి వచ్చి తెలుగులో స్థిరపడింది. రెండింటికీ చుట్టరికం లేదు. 'ఋ' రాస్తే మాటకు గౌరవం పెరుగుతుందన్న భ్రమతో పత్రికల్లో కూడా ఈ తప్పు దొర్లుతోంది. చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది.

నిరూపణలో రూపం ఉన్న మాట నిజమే. అయితే సంస్కృతంలోనే దానికి పరిశీలించి నిర్ణయించడం, వివరించడం అనే అర్థాలున్నాయి. తెలుగులో నిరూపించడమంటే శంకకు తావు లేకుండా చేయడం. ఏ శంకకు అన్నదే ఇక్కడ తేల్చుకోవాలి.

మీ లెక్కలో శంకలు రెండు. బిళ్లలు ఇంతలో పడతాయా? ఇంతకన్నా చిన్నదానిలో పట్టవా? పడతాయి, పట్టవు అన్నవి 'పట్టు' అనే ఒకే క్రియకు రూపాలు. కాని పడతాయనడానికి కొలతలు వేసిన ఒక్క బొమ్మ చాలు. దాన్ని నిరూపణ అనడానికి నాకేమీ అభ్యంతరం లేదు. పట్టవనడానికి మాత్రం, ఇంకా ఎవరూ గీయని బొమ్మలన్నిటికీ జవాబు చెప్పాలి.

మీ విద్యార్థి అమరికలో చట్రం భుజం బిళ్ల భుజానికి సుమారు 2.7071 రెట్లు వస్తుంది. అంటే 27.1 సెంటీమీటర్ల చట్రంలో బిళ్లలు పడతాయి, 27 సెంటీమీటర్లదానిలో పట్టవు. తేడా ఒక్క మిల్లీమీటరు. మీ ఊరి కటింగ్ మిల్లుల్లో రాయిని కోసే రంపం బ్లేడే అంతకన్నా మందంగా ఉంటుంది! కాగితం మీది పెన్సిలు గీత ఆ తీర్పు చెప్పలేదు, తర్కమే చెప్పాలి. ఐదు బిళ్లలకు ఆ తర్కం పూర్తయింది. పదకొండింటికి 1979లో వాల్టర్ ట్రంప్ అనే జర్మన్ కనిపెట్టిన అమరికలో భుజం సుమారు 3.877 రెట్లు. అంతకన్నా చిన్నది కుదరదని ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు. ఇలా హేతువులతో నిలబెట్టే వాదానికి మన గణిత వ్యాఖ్యాతలు వాడిన మాట ఉపపత్తి. పాఠాల్లో అది మళ్లీ వినిపించాలని నా కోరిక.

కొలత చూడని బొమ్మ అబద్ధం కూడా చెబుతుంది. 8×8 చదరాన్ని నాలుగు ముక్కలు చేసి 5×13 దీర్ఘచతురస్రంగా పేర్చే తమాషా పిల్లలకు చూపించండి. 64 గళ్లు 65 అయినట్టు కనిపిస్తాయి. కర్ణం వెంట కలిసే ముక్కల వాలు ఒకదానికి 2/5, మరొకదానికి 3/8. ఆ కర్ణం ఋజురేఖ కాదు. దాని పొడవునా సన్నగా సాగిన సందులోనే ఆ అదనపు గడి దాగి ఉంటుంది.

కనుక విద్యార్థి వాక్యాన్ని కొట్టివేయకండి. 'ఐదు బిళ్లలు ఈ చట్రంలో పడతాయనడానికి ఇదే రుజువు' అని పూర్తి చేయించండి. 'అతి చిన్నది' అన్న మాటకు ఉపపత్తి వేరే రాయమనండి.