అక్వేరియంలో థర్మామీటర్ పగిలింది, చేపలకి ప్రమాదమా?

ముందు లోపలి ద్రవం ఏ రంగో చూడండి. ఎరుపో నీలమో అయితే అది రంగు కలిపిన ఆల్కహాలో, కిరోసిన్ లాంటి నూనో, అదీ కొన్ని చుక్కలే, టెన్షన్ వద్దు. నెల్లూరులో మా ఇంట్లో పగిలినప్పుడు పెద్ద గాజు ముక్కలు పట్టకారుతో, చిన్నవి సైఫన్ పైపుతో తీసేసి, థర్మామీటర్ అడుగున బరువు కోసం పెట్టే గుండ్లు కూడా ఏరేసి (సీసంవి అయ్యుండొచ్చు), పైన తేలిన జిడ్డుని టిష్యూ పేపర్‌తో లాగి, సగం నీళ్లు మార్చి ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ (మలినాల్ని పీల్చే బొగ్గు) వేశాం. గప్పీలన్నీ బతికాయి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాకే పొయ్యండి.

వెండిలా మెరిసే బొట్లు కనిపిస్తే మాత్రం అది పాదరసం. ఫిల్టర్ ఆపి, చేపల్ని వేరే నీళ్లలోకి మార్చండి. ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, ఆ నీళ్లు సింకులో పొయ్యొద్దు, గులకరాళ్లు మళ్లీ వాడొద్దు.

ఈసారి అద్దానికి బయట అంటించే స్టిక్కర్ రకం కొనండి.