అరవై ఏళ్లు దాటిన పాటపై ఎవరికీ హక్కు ఉండదా?

ప్రశ్న: మా నాన్నగారు బ్రిటిష్ సంగీత బృందం బీటిల్స్‌కు వీరాభిమాని. ఆయన పోయాక, ఆ బృందం మేటి పాటల సంకలనం ‘వన్’ రీమాస్టర్డ్ (పాత రికార్డింగు ధ్వనిని మెరుగుపరిచిన) సీడీలోని మొదటి నాలుగు పాటలకు ఆయన పాత ఫొటోలు జోడించి ఇంటర్నెట్‌లో వీడియోలు పెట్టాను. కాపీరైట్ ఉల్లంఘన అంటూ వాటిని తొలగించారు. ఆ పాటలు 1962, 1963 నాటివి కాబట్టి మన చట్టం ప్రకారం 60 ఏళ్లు నిండాయి. రీమాస్టర్ చేస్తే కొత్త హక్కు పుడుతుందా? వీడియోలు పెట్టి మూడేళ్లు దాటినందున దావా చెల్లదని, వీడియోల తొలగింపును సవాలు చేసే కౌంటర్ నోటీసు పంపమని మిత్రుడు అంటున్నాడు. పంపవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ ప్రశ్న రీమాస్టర్ చుట్టూ తిరుగుతోంది గానీ, ఈ వివాదం తేలేది అక్కడ కాదు. ఏ పాటకైనా రికార్డింగుపై ఒక హక్కు, సాహిత్య సంగీతాలపై వేరే హక్కు ఉంటాయి. కాపీరైట్ చట్టం, 1957లోని 27వ సెక్షన్ ప్రకారం రికార్డింగుకు, అది వెలువడిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ల గడువు ఉంటుంది. ఆ లెక్కన 1962 నాటి రికార్డింగుకు 2022తోను, 1963 నాటివాటికి 2023తోను గడువు తీరింది. అంతవరకు మీ లెక్క సరైనదే. అయితే 22వ సెక్షన్ సాహిత్యానికి, సంగీతానికి రచయిత మరణానంతరం 60 ఏళ్లు ఇస్తుంది. ఇద్దరు కలిసి సృష్టించినదైతే, వారిలో చివరగా మరణించినవారి నుంచి లెక్కిస్తారు. ఆ నాలుగు పాటలూ బృంద సభ్యులు జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీల ఉమ్మడి రచనలు. లెనన్ 1980లో మరణించారు, మెకార్ట్‌నీ జీవించే ఉన్నారు. అంటే ఆ 60 ఏళ్లు ఇంకా మొదలే కాలేదు.

రీమాస్టర్ సంగతి అడిగారు కనుక చెబుతున్నాను. పాత రికార్డింగుకు నకలుగా ఉన్నంత మేరకు కొత్త కాపీరైట్ ఉండదని బ్రిటన్ చట్టమే అంటోంది. అమెరికాలో రీమాస్టర్‌కు ప్రత్యేక హక్కు ఉందన్న కింది కోర్టు తీర్పును 2018లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు రద్దు చేసింది. కానీ మీరు జతచేసిన సీడీ అట్ట ఫొటోలో 2015 అని స్పష్టంగా ఉంది. 2000లో వచ్చిన కూర్పు రీమాస్టర్ చేసినది. 2015 కూర్పులో చాలా పాటలను సంగీత నిర్మాత జైల్స్ మార్టిన్ ఆధ్వర్యంలో పాత టేపుల నుంచి కొత్తగా మిక్స్ చేశారు (గొంతులు, వాయిద్యాల ధ్వనులను మళ్లీ కూర్చారు), కొన్ని మాత్రం మోనోలోనే (ఒకే ధ్వని మార్గంలో) ఉండిపోయాయి. కొత్త మిక్స్‌పై కొత్త హక్కు ఉందని కంపెనీ వాదించగలదు. చేతిలో ఉన్న సీడీ అట్ట కూడా చదవకుండా చట్టంలోని సెక్షన్లు వెతకడం ఏ పద్ధతి?

కాలపరిమితి విషయంలో మీ మిత్రుడి మాట సగమే నిజం. ఉల్లంఘనకు నష్టపరిహారం కోరే దావాకు కాలపరిమితి చట్టం, 1963లోని 88వ అధికరణం మూడేళ్లు ఇస్తుంది. కానీ కొనసాగే ఉల్లంఘనకు, అది సాగినంతకాలం గడువు మళ్లీ మళ్లీ మొదలవుతుందని అదే చట్టంలోని 22వ సెక్షన్ చెబుతోంది. తొలగించే రోజు వరకు మీ వీడియోలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. పైగా అప్‌లోడ్ చేసిన తేదీ గానీ, నోటీసు అందిన తేదీ గానీ మీరు రాయలేదు. ‘మూడేళ్లు దాటింది’ అన్న మాటతో ఏ న్యాయవాదీ గడువు లెక్కకట్టలేడు.

కౌంటర్ నోటీసు ఎట్టి పరిస్థితిలోనూ పంపవద్దు. అమెరికన్ చట్టం కింద పంపే ఆ కాగితం ఉత్త ఫిర్యాదు పత్రం కాదు. అసత్యమైతే శిక్షకు లోబడతానంటూ, అక్కడి ఫెడరల్ కోర్టు అధికార పరిధికి అంగీకరిస్తూ మీరు చేసే ప్రకటన. ఆ దేశంలో ఈ నాలుగు రికార్డింగులకు 2067 ఫిబ్రవరి 15 వరకు రక్షణ ఉంది. వేరే ఖాతాలో మళ్లీ పెట్టడం ఇంకా ప్రమాదకరం. నోటీసు అందాక ‘తెలియక చేశాను’ అనే వీలుండదు. తెలిసి చేసిన ఉల్లంఘనకు మన చట్టంలోని 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు ఉంది, అది నాన్‌బెయిలబుల్ నేరమని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది.

ముందుగా నోటీసు, ఈమెయిళ్లు, అప్‌లోడ్ తేదీలు చూపే పేజీలు, సీడీ బిల్లు భద్రపరచండి, ఏదీ చెరిపేయవద్దు. తర్వాత ఫిర్యాదుదారుకు, వీడియోల వల్ల ఆదాయం పొందలేదని (అది నిజమైతేనే), మళ్లీ పెట్టబోనని రాసి, ఫిర్యాదు ఉపసంహరించుకోవాలని కోరండి. నాన్నగారి జ్ఞాపకమన్న మాట ఆ లేఖలో ఒక వాక్యంగా ఉండవచ్చు గానీ, చట్టం దృష్టిలో అది సమర్థన కాదు. అవే ఫొటోలకు మీ గొంతుతో వ్యాఖ్యానం జోడించి వీడియో పెట్టుకోవచ్చు. కొన్న సీడీలోని పాటలతో తయారుచేసిన పాత వీడియోను ఇంట్లో కుటుంబంతో కలిసి చూడటానికి 52వ సెక్షన్‌లోని వ్యక్తిగత వినియోగ మినహాయింపు వర్తిస్తుంది.