బొటనవేలితో నాడి చూడకు

తిరుపతి

అమ్మా,

నీ కవరు చేరి పది రోజులైంది. మీ నర్సింగ్ కాలేజీవాళ్లతో వెళ్లొచ్చి నువ్వు రాసిన యాత్రా రచన ‘లండన్‌లో నా మొదటి రోజు’ మూడుసార్లు చదివాను. మొదటిసారి విసుగొచ్చింది. రెండోసారి ఎనిమిదో పేజీలో ఒకచోట ఆగిపోయాను. మూడోసారి ఆ చోటు కోసమే చదివాను. నీ తెలుగు శుభ్రంగా ఉంది, అక్షరదోషాలు లేవు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మరచిపోతానేమో.

మీరు ఆసుపత్రి వార్డు చూసిన ఘట్టంలో నేను ఆగిన చోటు ఇది: “కిటికీ పక్క మంచం మీదున్న ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అక్కడి నుంచి మేము లండన్ ఐ చూడటానికి బయలుదేరాం.”

అంతే. ఆ తర్వాత రెండు పేజీల నిండా జనాన్ని ఎక్కించుకుని తిరిగే ఆ పెద్ద చక్రమే. ఎత్తు 135 మీటర్లు, గాజు గదులు 32, ఒక చుట్టుకు అరగంట. ఇవి చిత్తూరులో మీ ఇంటి అరుగు మీద కూర్చున్నా తెలుస్తాయి. ఆ గదుల మీద నెంబర్లు 33 దాకా ఉంటాయి, 13 మాత్రం ఉండదు. అపశకునమని వదిలేశారు. రేపు ఆసుపత్రిలో మంచాల నెంబర్ల మధ్య తిరగబోయే పిల్లవు, కనీసం అదైనా నీ కంట పడాల్సింది. పోనీ, అది వదిలేద్దాం. ఆ పెద్దావిడ చేయి వెచ్చగా ఉందా, చల్లగా ఉందా? సెలైన్ సూది గుచ్చిన చేయా? ఏమైనా అన్నదా? చివరికి చేయి విడిపించుకున్నది నువ్వా, వదిలేసింది ఆవిడా, లేక బస్సుకు వేళయిందని మీ మేడం పిలిచారా? ఒక్కదానికీ జవాబు లేదు. నీ గుండె మాత్రం నాలుగుసార్లు ఉప్పొంగింది, కళ్లు మూడుసార్లు చెమర్చాయి. పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ లెక్కపెట్టాను.

నాడి చూడటం నీకు నేను నేర్పనవసరం లేదు. కానీ నాకు అది ఎలా తెలిసిందో చెప్పాలి. 1984లో మా అమ్మను ఇక్కడే ఒక ఆసుపత్రిలో చేర్చాం. పంతొమ్మిది రోజులు ఆమె మంచం కింద చాప వేసుకుని పడుకున్నాను. ఒక రాత్రి అమ్మ మరీ అలసటగా కనిపిస్తే భయం వేసి, మణికట్టు పట్టుకుని నాడి చూడబోయాను. దడదడా కొట్టుకుంటోంది. కేక వేశాను. రాత్రి డ్యూటీ సిస్టర్ వచ్చింది, నీ కంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. నా చేతిని చూసి, “బొటనవేలు తీయండి సార్. దానిలోనే ఒక నాడి కొట్టుకుంటుంది. మీరు చూస్తున్నది మీ నాడే, అమ్మది కాదు” అన్నది. నా చూపుడువేలు, మధ్యవేలు పట్టుకుని అమ్మ మణికట్టు మీద బొటనవేలి వైపున ఆనించింది. నెమ్మదిగా, సన్నగా, తడి తాడు లాగుతున్నట్టు ఉంది అమ్మ నాడి. అప్పటిదాకా దడదడలాడింది నేను.

నీ పదకొండు పేజీలూ బొటనవేలితో చూసిన నాడి. అందులో వినబడేదంతా నీ చప్పుడే.

ఆ సిస్టర్ ఇంకొక మేలు కూడా చేసింది, ఆమెకు తెలియకుండానే. మంచం కాళ్ల దగ్గర వేలాడే కేస్ షీట్‌ను నేను ఒకనాటి తెల్లవారుజామున తీసి చదివాను. ఇంగ్లీషులో, పొట్టి పొట్టి మాటల్లో ఉంది. తెలుగులో చెబితే ఇలా: “రాత్రి 11.20. మేలుకునే ఉంది. కొండ మీద దీపాలు కనబడేలా మంచం తిప్పమంది. తిప్పాం. నీళ్లు 50 మి.లీ. నాడి 96. 12.10. నిద్ర.” నేను అప్పటికే పన్నెండు కథలు అచ్చు వేయించుకున్నవాణ్ణి. మా అమ్మ గురించి అంత బాగా ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఆ మంచం తిప్పినప్పుడు నేను కింద నిద్రపోతున్నాను.

మరుసటి ఏడాది ఆ పంతొమ్మిది రోజుల మీద కథ రాశాను. ఆ వరసలు ఉన్నవి ఉన్నట్టు పెట్టి, నా ఏడుపు ఎక్కడా రానివ్వలేదు. ఒక వారపత్రికకు పంపితే సంపాదకుడు తిప్పి పంపాడు. ఆసుపత్రి చిట్టా కథ ఎలా అవుతుందని అడిగాడు. మాతృప్రేమ గురించి చివర ఒక పేరా చేర్చమన్నాడు. చేర్చాను. అచ్చయింది, పాతిక ఉత్తరాలు వచ్చాయి, అందరూ ఆ పేరానే మెచ్చుకున్నారు. ఆ సంచికను నేను ఇంట్లో ఉంచుకోలేదు. తర్వాత వచ్చిన సంపాదకులు పేరాకు బదులు సందేశం అడిగారు. ఇప్పటివాళ్లు ఫోటోలు అడుగుతున్నారు. యాత్రా రచన అంటే ఎక్కిన మెట్లు, దిగిన ఫోటోలు అనే అలవాటు ఇప్పుడు ముదిరింది. నువ్వూ ఆ నమూనాలే చదివి ఉంటావు. అందుకే ఆసుపత్రికి మూడు పేజీలు, షికారుకు ఎనిమిది పేజీలు అయ్యాయి.

ఆ మూడు పేజీల్లోనూ ఒక తప్పుంది. మీరు చూసిన సెయింట్ థామస్ ఆసుపత్రిలో, ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట నర్సుల శిక్షణ పాఠశాల 1860లో మొదలైన మాట నిజమే. కానీ “ఈ ఆవరణలోనే” అని రాశావు. అప్పుడు ఆ ఆసుపత్రి లండన్ బ్రిడ్జి దగ్గర సదర్క్‌లో ఉండేది. రైలు మార్గం కోసం ఆ చోటు వదులుకుని, 1871లో థేమ్స్ ఒడ్డున పార్లమెంటుకు ఎదురుగా కొత్త భవనాలకు వచ్చింది. పొడవాటి హాలు, రెండు వరసల మంచాలు, మంచాల మధ్య ఎత్తైన కిటికీలు: నైటింగేల్ పట్టుబట్టిన వార్డు అది. మన ఊళ్ల పాత ప్రభుత్వాసుపత్రుల్లో నువ్వు నడిచిన జనరల్ వార్డులు దాని సంతానమే. ఆ చుట్టరికం ఒక్క ముక్క రాసి ఉంటే లండన్ మనకు దగ్గరయ్యేది.

ఇక నైటింగేల్ దీపం. మ్యూజియంలో అద్దాల వెనక చూశానన్నావు. “ఆ తల్లి చేతిలోని ప్రమిద” అని రాశావు. అమ్మా, అక్కడ ఉన్నది ప్రమిద కాదు. క్రిమియా యుద్ధకాలంలో ఆమె పనిచేసిన స్కుటారి ఆసుపత్రిలో వాడిన తరహా టర్కీ లాంతరు, మడత పెట్టడానికి వీలైనది. ముక్కున్న ప్రమిద బొమ్మలు వేసినవాళ్ల ఊహ. మీ కాలేజీలో దీపాలు పట్టుకుని ప్రమాణం చేసిన రోజు నీ చేతిలోదీ ఆ ఊహే అయి ఉంటుంది. అసలు వస్తువు ముందు నిలబడి, క్యాలెండరులో చూసిన బొమ్మను రాశావు. ఈ పేజీల మీద నాకున్న దుఃఖమంతా ఇదే.

ఆసుపత్రి ముందు నది వెంట ఉన్న గోడ గురించి “ఎర్రటి గుండె గుర్తుల దగ్గర ఫోటోలు దిగాం” అన్నావు. 2021 మార్చిలో మొదలుపెట్టి, కోవిడ్‌తో పోయిన ఒక్కొక్కరికి ఒక్కొక్క గుండె చొప్పున చేత్తో గీసిన గోడ అది. మొదట వాడిన రంగు వెలిసిపోతుంటే వాలంటీర్లు వచ్చి మళ్లీ మళ్లీ దిద్దుతున్నారు. నువ్వు వెళ్లిన రోజు ఎవరైనా కుంచె పట్టుకుని కూర్చున్నారా? వెలిసిన గుండె మీద పేరు చదవడానికి వీలుందా? నీకు గుర్తుంటే రాయి. గుర్తు లేకపోతే లేదని రాయి, కల్పించకు.

కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ఏ పత్రికకు పంపితే వేస్తారని అడిగావు. వాటి సంగతి ఇప్పుడొద్దు. మీ నాన్నగారు పుస్తకంగా వేయిస్తానంటున్నారని కూడా రాశావు. ఆయనకు నా నమస్కారాలు చెప్పు, డబ్బు నీ చదువుకు దాచమను.

ఒక పని చెయ్యి. ఆ పదకొండు పేజీలు పక్కన పెట్టి, నువ్వు డ్యూటీ దిగేటప్పుడు రాత్రి సిస్టర్‌కు అప్పగింత చెబుతావు చూడు, అలా ఆ పెద్దావిడను నాకు అప్పగించు. పేరు వద్దు, జబ్బు పేరూ వద్దు. ఆవిడ గుట్టు ఆవిడది, ఆ మాట నాకంటే నీకే బాగా తెలుసు. గంట ఎంతైంది? ఆ కిటికీలోంచి నది అవతల గడియార స్తంభం కనబడుతోందా? ఆవిడ దాని వైపు చూస్తోందా, నీ వైపా? వేళ్లలో బలం ఎంత? ఒక్క పేజీ చాలు, రెండో పేజీలోకి వెళ్లకు.

ఈ నెలంతా ఊళ్లోనే ఉంటాను. పోస్టులో పంపినా సరే, తిరుపతికి వచ్చే బస్సెక్కి నువ్వే తెచ్చినా సరే, మీ అమ్మను కూడా తీసుకురా. కాగితానికి ఒకవైపే రాయి. వెనక సిరా ఇటు కనబడితే ఇప్పుడు నేను చదవలేకపోతున్నాను.

ఆశీస్సులతో,
మాస్టారు